కొసరు వేరు, లింకు వేరు: విండోస్‌తో బ్రౌజర్ ఇస్తే తప్పేంటి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు, క్రోమ్ వేసుకున్నారు. విండోస్‌తో వచ్చిన మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఎడ్జ్‌ను తీసేద్దామని చూస్తే సెట్టింగ్స్‌లో అన్‌ఇన్‌స్టాల్ అన్న మాట మసకగా ఉంది, నొక్కినా కదలదు. పాతికేళ్ల కిందట విండోస్‌తో బ్రౌజర్ కలిపి ఇచ్చినందుకే అమెరికాలో మైక్రోసాఫ్ట్ మీద పెద్ద కేసు నడిచిందని ఎక్కడో చదివారు. మరి ఇప్పుడు మైక్రోసాఫ్ట్, గూగుల్, యాపిల్ అందరూ అదే చేస్తున్నారు కదా, అడిగేవాళ్లు లేరా? ఫ్రీగా ఇచ్చేదాంట్లో అసలు తప్పేముంది? మన దేశంలో దీనికి చట్టం ఉందా?

నా గురించి ఒక్క ముక్క. 1997లో సికింద్రాబాద్ సీటీసీలో కంప్యూటర్లు అసెంబుల్ చేసే చిన్న షాపులో పనిచేశాను. తర్వాత లా చదివాను, ఇప్పుడు చాలా ఏళ్లుగా కాంపిటీషన్ చట్టం (పోటీ చట్టం) కేసులే చూస్తున్నాను. అంటే ఈ గొడవను కౌంటర్ వెనక నుంచీ చూశాను, కోర్టు కాగితాల్లోనూ చూశాను. మధ్యమధ్యలో నా సొంత అభిప్రాయాలు వస్తాయి, వాటిని అలాగే తీసుకోండి.

ముందు "ఫ్రీగా ఇస్తే తప్పేంటి" అన్నది తేల్చుకుందాం. కూరగాయల బండి దగ్గర కిలో వంకాయలు కొంటే కరివేపాకు రెబ్బ, రెండు పచ్చిమిరపకాయలు పడేస్తారు. అది కొసరు. వద్దంటే తీసి పక్కన పెడతారు. పక్క బండి మీద కరివేపాకు అమ్ముకునే ఆవిడకు కొంచెం నష్టమే, అయినా దాన్ని ఎవరూ తప్పు పట్టరు.

ఇప్పుడు వానాకాలం పంటకు యూరియా దొరకని రోజుల్లో ఎరువుల కొట్టుకు వెళ్లండి. బస్తా కావాలంటే ఈ జింకు ప్యాకెట్ కూడా తీసుకోవాలంటారు, లేదా నానో యూరియా సీసా చేతిలో పెడతారు. ఊళ్లలో దీన్ని "లింకు పెట్టడం" అంటారు. మా చిన్నాన్న ఇంట్లో అటక మీద మూత కూడా తీయని సీసాలు నాలుగు ఇప్పటికీ ఉన్నాయి. ఎందుకు కొన్నావని అడిగితే, "యూరియా ఇంకెక్కడ దొరుకుతుందిరా?" అన్నాడు. కాంపిటీషన్ చట్టం సారమంతా ఆ ఒక్క మాటలో ఉంది. రెండు వేర్వేరు సరుకులు. మొదటిది ఇంకెక్కడా దొరకదు. అది కావాలంటే రెండోదాన్ని కాదనే వీలు లేదు. లాయర్లు టైయింగ్ అన్నా, బండ్లింగ్ అన్నా, తెలుగులో అంటగట్టడం అన్నా ఇదే.

మరి జింకు ప్యాకెట్‌కు డబ్బు కట్టాలి, బ్రౌజర్ ఫ్రీ కదా? నిజమే. అందుకే బ్రౌజర్ కేసుల్లో వినియోగదారుడి జేబులోంచి ఎంత పోయింది అన్న లెక్క పెద్దగా కనపడదు. అక్కడ చూసేది వేరే: ఎదుటి బ్రౌజర్ జనం దగ్గరకు చేరే దారులు మూసేశారా? మూస్తే ఎవరు, ఎలా, ఎందుకు మూశారు?

1997లో ఆ దారులు ఎంత ఇరుకో ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. అప్పట్లో పేరున్న బ్రౌజర్ నెట్‌స్కేప్ పది ఎంబీ పైచిలుకు ఫైలు. 28.8 మోడెమ్ మీద, లైన్ ఒక్కసారి కూడా కట్ కాకపోతే ముప్పావు గంట. లైన్ కట్ కాకపోవడమనేది జరిగే పని కాదు. పైగా నెట్ గంటల లెక్కన కొనుక్కునేవాళ్లం, ఫోన్ బిల్లు దానికి అదనం. కంప్యూటర్ పత్రికలతో వచ్చే సీడీల్లో నెట్‌స్కేప్ ఉంటే షాపులో దాచిపెట్టుకుని, అడిగినవాళ్లకు వేసి ఇచ్చేవాళ్లం. అడిగేవాళ్లు పదిమందిలో ఒక్కరు. మిగతా తొమ్మిదిమందికి డెస్క్‌టాప్ మీద కనిపించే నీలం "ఈ" అక్షరమే, అంటే మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఐకానే, ఇంటర్నెట్. (మా షాపులో అసలు లైసెన్స్ ఉన్న విండోస్ ఎంతమంది అడిగేవారన్నది ఇక్కడ రాయను.)

అమెరికాలో కూడా పరిస్థితి ఇదే, కాకపోతే అక్కడ కంప్యూటర్ వచ్చేది కంపాక్, డెల్ లాంటి పెద్ద కంపెనీల నుంచి. బ్రౌజర్ జనానికి చేరడానికి రెండే నమ్మకమైన దారులు: కంప్యూటర్‌లో ముందే వేసి ఇవ్వడం, లేదా ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చే కంపెనీ సీడీలో పెట్టి పంపడం. మైక్రోసాఫ్ట్ ఈ రెండింటి దగ్గరా కాపలా పెట్టింది.

ఎందుకంత భయం? నెట్‌స్కేప్ బ్రౌజర్ అమ్ముకుంటే మైక్రోసాఫ్ట్‌కు వచ్చే నష్టం ఏముంది? కేసు ప్రాణం ఇక్కడుంది. ఇంటెల్ తరహా పీసీల్లో 95 శాతానికి పైగా విండోస్ నడిచే రోజులవి. ప్రోగ్రాములు రాసేవాళ్లు విండోస్‌కే రాస్తారు, ఎందుకంటే జనం దాని మీదే ఉన్నారు. జనం విండోసే కొంటారు, ఎందుకంటే ప్రోగ్రాములు దానికే ఉన్నాయి. చెట్టు ముందా విత్తు ముందా అన్న చందం. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎంత బాగున్నా ఈ సుడిలోకి దిగలేదు. కానీ ప్రోగ్రాములు విండోస్ కోసం కాకుండా బ్రౌజర్ కోసం, ఏ కంప్యూటర్‌లోనైనా నడిచే జావా కోసం రాయడం మొదలైతే? అప్పుడు కింద విండోస్ ఉన్నా ఒకటే, ఇంకోటి ఉన్నా ఒకటే. ఈరోజు జీమెయిల్‌ను ఏ కంప్యూటర్‌లో తెరిచినా ఒకేలా ఉంటుంది చూడండి, ఆ రోజు రాకుండా ఆపాలన్నదే అప్పటి తాపత్రయం. 1995 మే 26న బిల్ గేట్స్ తన అధికారులకు పంపిన ప్రసిద్ధ మెమో పేరే "ఇంటర్నెట్ ఉప్పెన" అన్న అర్థంలో ఉంటుంది. అదే ఏడాది ఆగస్టు 9న నెట్‌స్కేప్ షేర్ మార్కెట్‌లోకి వచ్చి, 28 డాలర్ల షేరు తొలిరోజే 58 దాటింది. పదిహేను రోజుల తర్వాత విండోస్ 95 విడుదలైంది.

కంపాక్ ఉదంతం ఒక్కటి తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. 1996లో కంపాక్ తన ప్రెసారియో కంప్యూటర్ల డెస్క్‌టాప్ మీద ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఐకాన్ తీసేసి, తనకు ఒప్పందం ఉన్న వేరే కంపెనీల ఐకాన్లు, నెట్‌స్కేప్‌తో సహా, పెట్టుకుంది. అప్పట్లో కంపాక్ ప్రపంచంలోనే పెద్ద పీసీ కంపెనీ. మైక్రోసాఫ్ట్ ఏం చేసిందంటే, విండోస్ 95 లైసెన్సే రద్దు చేస్తామని నోటీసు పంపింది. విండోస్ లేకుండా పీసీ అమ్మడమంటే బియ్యం లేకుండా హోటల్ నడపడమే. కంపాక్ ఐకాన్‌ను మళ్లీ పెట్టేసింది. మా చిన్నాన్న అన్న మాటే, ఇంగ్లీషులో, కోట్ల డాలర్ల స్థాయిలో.

లైసెన్స్ ఒప్పందాల్లో ఈ షరతులు రాతపూర్వకంగానే ఉండేవి. ఐకాన్ తీయకూడదు, స్టార్ట్ మెనూలో పేరు తీయకూడదు, కంప్యూటర్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు వచ్చే వరుస మార్చకూడదు. కొసరు ఇచ్చేవాడు వద్దన్నవాడితో ఇలాంటి కాగితం మీద సంతకం పెట్టించుకోడు.

అంతకుముందే మైక్రోసాఫ్ట్‌కూ అమెరికా న్యాయశాఖకూ ఒక రాజీ డిక్రీ ఉంది. విండోస్‌కు వేరే సరుకు లింకు పెట్టకూడదు, అయితే "ఏకీకృత ఉత్పత్తులు" తయారు చేసుకోవచ్చు అని అందులో ఉంది. బ్రౌజర్ వేరే సరుకా, విండోస్‌లో భాగమా అన్నది దాంతో కోర్టు గుమ్మం ఎక్కింది. 1997 డిసెంబర్‌లో జడ్జి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్, కంప్యూటర్ కంపెనీల మీద ఎక్స్‌ప్లోరర్ రుద్దవద్దని తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చారు. సరే, తీసేస్తాం, కానీ తీసేస్తే విండోస్ బూట్ అవదు అంది మైక్రోసాఫ్ట్. నిజంగానే అలాంటి కాపీ ఇస్తామంది. జాక్సన్ ఊరుకోలేదు. ఒక కంప్యూటర్ తెప్పించి ఎక్స్‌ప్లోరర్ తీయించి చూశారు. తొంభై సెకన్లు కూడా పట్టలేదు, విండోస్ మామూలుగానే నడిచింది. ఆ సంగతి నిండు కోర్టులోనే చెప్పారు. మైక్రోసాఫ్ట్ వాదన ఏంటంటే, అలా పోయింది ఐకాన్, పైపై ఫైళ్లే, అసలు కోడ్ లోపలే ఉంది అని. అదీ అబద్ధం కాదు. 1998 జూన్‌లో పై కోర్టు జాక్సన్ ఉత్తర్వును కొట్టేసింది కూడా.

ఈలోపే, 1998 మే 18న, న్యాయశాఖ, ఇరవై రాష్ట్రాలు కలిసి అసలు కేసు వేశాయి. విచారణలో అందరికీ గుర్తుండిపోయిన సన్నివేశం 1999 ఫిబ్రవరిలో జరిగింది. ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ ఫెల్టెన్ ఎక్స్‌ప్లోరర్‌ను దాచేసే చిన్న ప్రోగ్రామ్ రాశారు. అది వేస్తే విండోస్ పాడవుతుందని నిరూపించడానికి మైక్రోసాఫ్ట్ ఉన్నతాధికారి జిమ్ ఆల్చిన్ ఒక వీడియో తెచ్చారు. ప్రభుత్వ లాయర్ డేవిడ్ బాయిస్ ఆ వీడియోను ఆపి ఆపి చూపించారు. ఫెల్టెన్ ప్రోగ్రామ్ నడిచాక విండో మీద పేరు పట్టీ మారాలి, వీడియోలో అది మారలేదు. మళ్లీ తీసిన మరో వీడియోలో, అంతా ఒకే కంప్యూటర్ మీద జరిగినట్టు కనిపించాల్సిన చోట, మధ్యలో డెస్క్‌టాప్ మీది ఐకాన్లే మారిపోయాయి. సాక్షి పెట్టెలో ఆల్చిన్ మొహం చూసినవాళ్లు ఆ రోజుల్లో కథలుకథలుగా రాశారు. పోటీ చట్టం కేసంటే గ్రాఫులు, ఆర్థికవేత్తలు అనుకుంటాం. మైక్రోసాఫ్ట్ ఈ కేసును నమ్మకం దగ్గర ఓడిపోయిందని నా లెక్క.

1999 నవంబర్ 5న జాక్సన్ వాస్తవాల నిర్ధారణ ఇచ్చారు. 2000 జూన్ 7న మైక్రోసాఫ్ట్‌ను రెండు ముక్కలు చేయమన్నారు. 2001 జూన్ 28న అప్పీలు కోర్టులో ఏడుగురు జడ్జిలూ ఏకగ్రీవంగా ఇచ్చిన తీర్పే ఈరోజుకీ ప్రామాణికం. చాలామంది "మైక్రోసాఫ్ట్ అప్పీలులో గెలిచింది" అనో "ఓడింది" అనో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. రెండూ తప్పే, కాస్త ఓపిగ్గా చదవాల్సిన తీర్పు అది.

ముక్కలు చేయడం రద్దయింది. కేసు నడుస్తుండగా జాక్సన్ విలేకరులతో మాట్లాడారని ఆయన్ను కేసు నుంచే తప్పించారు. లింకు పెట్టారన్న ఆరోపణను కూడా కోర్టు యథాతథంగా ఒప్పుకోలేదు. సాఫ్ట్‌వేర్‌లో కొత్త పనులు పాతవాటిలో కలవడం మామూలే కాబట్టి, చూడగానే తప్పు అనకూడదు, లాభనష్టాలు తూచి చెప్పాలి అని కింది కోర్టుకు తిప్పి పంపింది. ప్రభుత్వం ఆ వాదనను తర్వాత వదిలేసింది. అయినా, ఆపరేటింగ్ సిస్టమ్‌లో గుత్తాధిపత్యం కాపాడుకోవడానికి అక్రమ పద్ధతులు వాడారన్న అసలు నేరం నిలబడింది. ఏవి అక్రమం? ఐకాన్ తీయకూడదన్న షరతు. బూట్ వరుస మార్చకూడదన్న షరతు. ప్రోగ్రాములు తీసేసుకునే యాడ్ రిమూవ్ ప్రోగ్రామ్స్ జాబితాలోంచి ఎక్స్‌ప్లోరర్ పేరు ఎత్తేయడం. బ్రౌజర్ కోడ్, విండోస్ కోడ్ విడదీయరాకుండా ఒకే ఫైళ్లలో కలిపేయడం. ఏది అక్రమం కాదు? బ్రౌజర్‌ను ఉచితంగా ఇవ్వడం! ఆకర్షణీయమైన ధరకు ఇచ్చినందుకు గుత్తాధిపతిని కూడా మామూలుగా తప్పు పట్టలేమని కోర్టు చెప్పింది. ఫ్రీగా ఇస్తే తప్పేముందన్న మీ ప్రశ్నకు అమెరికా కోర్టు సమాధానం అదే.

2001 నవంబర్‌లో కుదిరిన రాజీ ప్రకారం కంప్యూటర్ కంపెనీలు వేరే బ్రౌజర్‌ను డిఫాల్ట్‌గా పెట్టుకోవచ్చు, ఎక్స్‌ప్లోరర్ ఐకాన్ దాచేయొచ్చు. దాచేయొచ్చు, అంతే. కోడ్ లోపలే ఉంటుంది. అప్పటికి నెట్‌స్కేప్ ఇంటర్నెట్ కంపెనీ ఏఓఎల్ చేతికి పోయి రెండేళ్లు దాటింది. 2003లో మైక్రోసాఫ్ట్ ఏఓఎల్‌కు 75 కోట్ల డాలర్లు ఇచ్చి నెట్‌స్కేప్ తరఫున వేసిన దావా వదిలించుకుంది. పోటీ పోయాక ఎక్స్‌ప్లోరర్ ఏమైందో ఆ రోజుల్లో వెబ్‌సైట్లు చేసినవాళ్లను అడగండి. 2001లో వచ్చిన ఆరో వెర్షన్ తర్వాత ఏడోది రావడానికి 2006 దాకా పట్టింది. ఐదేళ్లు! ఫ్రీ సరుకుకు ధర పెరగదు, నాణ్యత ఆగిపోతుంది. వినియోగదారుడి నష్టం ఎక్కడ అని అడిగేవాళ్లకు నేను ఈ ఐదేళ్లే చూపిస్తాను.

యూరప్ కథ దీనికంటే తమాషాగా ఉంటుంది. 2004లోనే విండోస్ మీడియా ప్లేయర్ కలిపి ఇస్తున్నందుకు, ఇంకొన్ని తప్పులకు కలిపి 49.7 కోట్ల యూరోల జరిమానా వేసి, ప్లేయర్ లేని విండోస్ కూడా అమ్మమన్నారు. ఆ వెర్షన్ వచ్చింది, కొన్నవాడు లేడు. ధర అంతే, సరుకు తక్కువ, ఎవరు కొంటారు? 2007 డిసెంబర్‌లో ఒపెరా అనే నార్వే బ్రౌజర్ కంపెనీ, విండోస్‌తో ఎక్స్‌ప్లోరర్ కలిపి ఇవ్వడం మీద ఫిర్యాదు చేసినప్పుడు యూరోపియన్ కమిషన్ ఆ పాఠం మర్చిపోలేదు. మైక్రోసాఫ్ట్ "అయితే యూరప్‌లో విండోస్ 7ను అసలు బ్రౌజరే లేకుండా ఇస్తాం" అంది. కమిషన్ దానికి మెత్తబడలేదు. బ్రౌజర్ లేని కంప్యూటర్‌లో ఇంకో బ్రౌజర్‌ను డౌన్‌లోడ్ చేసుకోవడం ఎలా? చివరికి 2009 డిసెంబర్‌లో ఎంపిక తెరకు ఒప్పందం కుదిరింది. కంప్యూటర్ తెరవగానే పన్నెండు బ్రౌజర్లు కనబడాలి, అందులో ముందు వరుసలో ఐదు పెద్దవి, వాటి క్రమం ప్రతిసారీ మారాలి.

ఆ "క్రమం మారాలి" దగ్గర ఒక నవ్వొచ్చే సంగతి జరిగింది. పేకముక్కలు కలిపినట్టు ఐదు పేర్లనూ కలపాలి. ప్రోగ్రామర్ ఏం చేశారంటే, పేర్లను వరుసలో పెట్టే సార్ట్ పద్ధతికి "ఈ రెండింట్లో ఏది ముందు?" అన్న ప్రశ్నకు ప్రతిసారీ బొమ్మా బొరుసా వేసి జవాబు చెప్పమన్నారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ సార్ట్ పద్ధతి జవాబులు నిలకడగా ఉంటాయని నమ్మి పనిచేస్తుంది. పొంతన లేని జవాబులిస్తే ఫలితం సమానంగా కలవదు, కొన్ని పేర్లు కొన్ని స్థానాల్లోనే ఎక్కువగా తేలతాయి. 2010లో ఆ తెర బయటికి రాగానే కంప్యూటర్ తెలిసినవాళ్లు లెక్కపెట్టి పట్టేశారు, మైక్రోసాఫ్ట్ దిద్దుకుంది. దురుద్దేశం ఏమీ లేదు, కొత్త ప్రోగ్రామర్లు ఇంటర్వ్యూల్లో ఇప్పటికీ చేసే పొరపాటే. కాకపోతే ఇంటర్వ్యూలో ఉద్యోగం పోతుంది, ఇక్కడ ఖండం మొత్తం చూసింది.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. విండోస్ 7 సర్వీస్ ప్యాక్ 1 అన్న అప్‌డేట్‌తో ఆ తెర రావడం ఆగిపోయింది. 2011 మే నుంచి 2012 జులై దాకా దాదాపు కోటిన్నర మందికి అది కనబడలేదు. సాంకేతిక పొరపాటు అంది మైక్రోసాఫ్ట్. 2013 మార్చి 6న కమిషన్ 56.1 కోట్ల యూరోల జరిమానా వేసింది. మీరు ఎక్కడైనా "బ్రౌజర్ జరిమానా" అని చదివితే అది బహుశా ఇదే. గమనించండి, ఇది బ్రౌజర్ కలిపినందుకు కాదు, ఇచ్చిన మాట తప్పినందుకు. పద్నాలుగు నెలల పాటు ఆ తెర రాకపోయినా ఆ కంపెనీలోనూ, కమిషన్‌లోనూ ఎవరూ గమనించలేదన్నది నాకు జరిమానా కంటే ఎక్కువ చెబుతుంది. అప్పటికే ఫైర్‌ఫాక్స్, క్రోమ్ తెర సాయం అక్కర్లేకుండానే ఎదిగిపోయాయి, జనం ఫోన్లలోకి వెళ్లిపోయారు.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. విండోస్‌తో కలిసి రావడం అంత గొప్ప బలమైతే, విండోస్ మీద క్రోమ్ ఎలా గెలిచింది? బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక డౌన్‌లోడ్ ముప్పావు గంట నుంచి అర నిమిషానికి దిగిందన్నది ఒక కారణం. ప్రపంచంలో ఎక్కువమంది తెరిచే గూగుల్ హోమ్ పేజీలో క్రోమ్ ప్రకటన పెట్టుకోగలిగిన యజమాని ఉండటం రెండోది. నెట్‌స్కేప్‌కు ఆ రెండూ లేవు. ఎడ్జ్ అయితే 2020లో సొంత ఇంజన్ వదిలేసి క్రోమ్ పునాది అయిన క్రోమియం మీదికే వెళ్లిపోయింది.

ఫోన్లకొస్తే బొమ్మ తిరగబడుతుంది. అక్కడ కంపాక్ స్థానంలో ఫోన్ కంపెనీలు, మైక్రోసాఫ్ట్ స్థానంలో గూగుల్. ప్లే స్టోర్ లేని ఆండ్రాయిడ్ ఫోన్‌ను మన దగ్గర ఎవరూ కొనరు. ప్లే స్టోర్ కావాలంటే క్రోమ్, సెర్చ్, యూట్యూబ్, మ్యాప్స్‌తో కూడిన కట్ట మొత్తం తీసుకోవాల్సి వచ్చేది, సెర్చ్ పెట్టె హోమ్ స్క్రీన్ మీదే ఉంచాల్సి వచ్చేది. 2018 జులైలో యూరప్ దీనికి 434 కోట్ల యూరోలు వేసింది, 2022లో అక్కడి జనరల్ కోర్టు దాన్ని 412.5 కోట్లకు తగ్గించింది. ఆ నిర్ణయంలో ప్లే స్టోర్‌కు క్రోమ్‌ను లింకు పెట్టడం ఒక విడి నేరంగానే ఉంది.

ఇక మన చట్టం. 1990ల్లో మనకు గుత్తాధిపత్యాన్ని అదుపు చేసే ఎంఆర్‌టీపీ చట్టం ఉండేది, ఇలాంటి కేసులకు పెద్దగా పనికొచ్చేది కాదు. 2002 కాంపిటీషన్ చట్టంలో ఆధిపత్య దుర్వినియోగం గురించి చెప్పే 4వ సెక్షన్ 2009 మే 20 నుంచి అమల్లోకి వచ్చింది. పెద్దగా ఉండటం తప్పు కాదు, ఆ బలాన్ని దుర్వినియోగం చేయడం తప్పు. ఒప్పందానికి సంబంధం లేని అదనపు షరతులు రుద్దడం 4(2)(డి). ఒక మార్కెట్‌లో ఉన్న బలంతో ఇంకో మార్కెట్‌లోకి దూరడం, అక్కడి స్థానం కాపాడుకోవడం 4(2)(ఇ). మన ఎరువుల లింకు లాంటి వాటికి 3(4) కింద టై-ఇన్ ఒప్పందాల నిబంధన వేరే ఉంది.

ఆండ్రాయిడ్ మీద సీసీఐకి, అంటే ఈ చట్టాన్ని అమలు చేసే కాంపిటీషన్ కమిషన్‌కు, ఫిర్యాదు చేసింది పోటీ కంపెనీ కాదు, ఆ ఫోన్లు వాడే ముగ్గురు మనుషులు. 2019 ఏప్రిల్‌లో దర్యాప్తుకు ఆదేశించారు. 2022 అక్టోబర్ 20న సీసీఐ గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. యాప్ స్టోర్ బలాన్ని వాడి బ్రౌజర్ మార్కెట్‌లో క్రోమ్‌ను నిలబెట్టుకున్నారన్నది ఆ ఉత్తర్వులో స్పష్టంగా ఉంది. 2023 జనవరి 19న సుప్రీంకోర్టు స్టే ఇవ్వలేదు. వారం తిరక్కుండా గూగుల్, ఫోన్ కంపెనీలు ఇక విడి విడి యాప్‌లకు లైసెన్స్ తీసుకోవచ్చని, కొత్త ఫోన్లలో సెర్చ్ ఇంజన్ ఎంచుకునే తెర వస్తుందని ప్రకటించింది.

మీ ఫిర్యాదుకు నేరుగా తగిలే ముక్క ఇప్పుడొస్తుంది. ముందే వేసిన గూగుల్ యాప్‌లను వాడేవాళ్లు అన్‌ఇన్‌స్టాల్ చేసుకోనివ్వాలని కూడా సీసీఐ ఆదేశించింది. 2023 మార్చి 29న అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీ జరిమానా నిలబెట్టింది గానీ, పది ఆదేశాల్లో నాలుగు కొట్టేసింది. ఆ నాలుగింట్లో ఇదొకటి. తర్వాత గూగుల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. నా అభిప్రాయంలో అది కొట్టేయకూడని ఆదేశం. బ్రౌజర్ ముందే వేసి ఇవ్వడంతో నాకు పేచీ లేదు, కొత్త ఫోన్ తెరిచిన అవ్వకు ఏదో ఒకటి ఉండాలి. తీసేసే బటన్ కూడా ఇవ్వకపోతే మాత్రం దాన్ని కొసరు అనలేం.

యాపిల్ సంగతి అడిగారు. మన దేశంలో పది ఫోన్లలో తొమ్మిదికి పైగా ఆండ్రాయిడ్ కాబట్టి, మొత్తం ఫోన్ల లెక్కలో యాపిల్‌కు ఆధిపత్యం ఉందనడం కష్టం. ఆధిపత్యం లేనిచోట 4వ సెక్షన్ లేదు. కానీ ఐఫోన్‌లో ఇంకో విచిత్రం ఉంది. మీరు అందులో క్రోమ్ వేసుకున్నా లోపల నడిచేది సఫారీ ఇంజన్ వెబ్‌కిట్టే. టిఫిన్ సెంటర్ బోర్డులు నాలుగు, వంటగది ఒకటే. ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 17.4 నుంచి యూరప్‌లో వేరే ఇంజన్లకు అనుమతి వచ్చింది, మనకు ఆ వంటగదే.

యూరప్‌లో ఎందుకంటే, అక్కడ 2024 మార్చి 7 నుంచి డిజిటల్ మార్కెట్స్ యాక్ట్ బాధ్యతలు అమలవుతున్నాయి. కేసు వేసి, ఆధిపత్యం రుజువు చేసి, పదేళ్లు తిరగడం ఉండదు. పెద్ద కంపెనీలను ముందే గుర్తించి, చేయాల్సినవి, చేయకూడనివి రాసిపెట్టారు. విండోస్ ఆ జాబితాలో ఉంది, కాబట్టి ముందే వేసిన యాప్‌లు తీసేయనివ్వాలి. ఎడ్జ్ మాత్రం విడిగా ఆ జాబితాలోకి ఎక్కలేదు, అందుకే విండోస్‌లో మళ్లీ బ్రౌజర్ ఎంపిక తెర రాలేదు. మన దగ్గర ఇదే బాటలో డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదా 2024 మార్చిలో వచ్చింది, లింకు పెట్టడం మీద నిషేధం అందులోనూ ఉంది. ముసాయిదాగానే ఉండిపోయింది.

ఇక మీ ల్యాప్‌టాప్. డిఫాల్ట్ మార్చుకోవడానికి సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో డిఫాల్ట్ యాప్స్, అక్కడ క్రోమ్ ఎంచుకుని పైన ఉన్న సెట్ డిఫాల్ట్ నొక్కండి. విండోస్ 11 వచ్చిన కొత్తలో ఆ బటన్ లేదు, ఒక్కో ఫైలు రకానికీ విడిగా మార్చాల్సి వచ్చేది. తిట్లు తిన్నాక 2022లో పెట్టారు. విడ్జెట్స్‌లో, స్టార్ట్ మెనూ సెర్చ్‌లో నొక్కిన లింకులు అప్పటికీ ఎడ్జ్‌లోనే తెరుచుకుంటాయి, దానికి మన దేశంలో మామూలు మందు లేదు. ఎడ్జ్‌ను పీకేస్తామనే స్క్రిప్టులు నెట్‌లో దొరుకుతాయి, వాటి జోలికి పోకండి. తర్వాతి అప్‌డేట్‌తో అది తిరిగి రావచ్చు. పైగా కొన్ని స్క్రిప్టులు వెబ్‌వ్యూ2 అనేదాన్ని కూడా ఎత్తేస్తాయి. ఎడ్జ్ ఇంజన్‌నే వాడే విడి భాగం అది, టీమ్స్, కొత్త అవుట్‌లుక్ దాని మీదే నడుస్తాయి.

"తీసేస్తే విండోస్ దెబ్బతింటుంది" అన్న 1997 నాటి వాదన ఇప్పుడు ఎంతవరకు నిజమో మొన్న సంక్రాంతికి తెలిసింది. మా మేనకోడలు మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తుంది, ల్యాప్‌టాప్ అక్కడే కొంది. విండోస్ మొదటిసారి సెటప్ చేసేటప్పుడు ఏ ప్రాంతం ఎంచుకుంటే ఆ ప్రాంతం నియమాలు వర్తిస్తాయి, ఆమె జర్మనీ అని పెట్టింది. వీడియో కాల్‌లో ఆమె స్క్రీన్, పక్కన నా ల్యాప్‌టాప్, రెండూ విండోస్ 11. నా దాంట్లో మసకగా ఉన్న మాట ఆమె దాంట్లో నల్లగా, నొక్కడానికి సిద్ధంగా ఉంది.

"నిజంగా నొక్కనా మామయ్యా? ఏమన్నా అయితే ఆఫీసు పని ఉంది నాకు."

నొక్కమన్నాను. గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. నిమిషం తిరగకముందే ఎడ్జ్ జాబితాలోంచి పోయింది. తను వెంటనే టీమ్స్ తెరిచి చూసుకుంది, నడుస్తోంది. ఆ తర్వాత మా అక్క ఫోన్ లాక్కుని అరిసెలు చూపించడం మొదలుపెట్టింది.